తలెత్తి పాడే పాట

వడమాలపేటలో ఏడు గంటల బస్సెక్కి తిరుపతి వచ్చి, పరిశోధనశాలలో గాజు పళ్లేలు కడగడం గంగులమ్మ పని. కడుగుతూ కూనిరాగం తీసిందంటే, పక్క పళ్లేల్లో పెంచుతున్న చర్మకణాలు వేరుశెనగ సాళ్లలా వరుస కట్టేవి. శబ్దతరంగాలతో కణాలను పేర్చే యంత్రం చెడిపోయి రెండేళ్లయింది. బాగుచేయించమని ఎవరూ అడగలేదు. యంత్రానికి కరెంటు కావాలి, గంగులమ్మకు టీ చాలు.

రెండువేల మూడులో ఆమె కన్నకూతురి కోసం పాడాల్సి వచ్చింది. కిరోసిన్ స్టవ్ పేలి పద్నాలుగేళ్ల ప్రశాంతి మెడ కాలింది. మానినచోట తోలు ముడుచుకుపోయి గడ్డం రొమ్ముకు అతుక్కుంది. ఆ పిల్ల మనుషుల్ని కాళ్లను బట్టి గుర్తుపట్టేది. పిల్ల తొడ నుంచి తీసిన కణాలతో కొత్త చర్మం పెంచి మెడకు వేస్తానంది డాక్టర్ పంకజాక్షి.

కణాలు పెంచడం మొదలైన తొమ్మిదోరోజు డాక్టరమ్మ సూక్ష్మదర్శిని మీంచి తలెత్తింది.

"ఏం పాట గంగులమ్మా ఇది? కణాలన్నీ వంగిపోయి ఉన్నాయి. ఈ చర్మం వేస్తే మెడ మళ్లీ కిందికే లాగుతుంది."

"నాట్ల పాటమ్మా."

"నిలబడి పాడేది పాడు. రేపటికి సరిగా వరుస కట్టకపోతే ఇవి చచ్చిపోతాయి. మళ్లీ కోయించుకునే సత్తువ పిల్లకు లేదు."

గంగులమ్మ కలుపు పాట పాడింది. విసుర్రాయి పాట పాడింది. జోలపాట కూడా ఉయ్యాల మీదికి వంగి పాడినదే. చివరికి నిటారుగా నిలబడి, తలెత్తి నోరు తెరిచింది. అలా పాడే పాట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"మీరన్నా పాడండమ్మా, చదువుకున్నోళ్లు."

పంకజాక్షికి పదకొండు కీర్తనలు వచ్చు. అన్నీ పెళ్లిచూపుల్లో చాప మీద తల దించుకొని పాడినవే. ఆమె కిటికీ వైపు తిరిగింది.

టెక్నీషియన్ ఏకాంబరం ఛాతీ విరిచి పద్యం ఎత్తుకున్నాడు. కణాలు చెల్లాచెదురైపోయాయి.

"ఆడపిల్ల కణాలు కదా, సిగ్గుపడినాయి," అన్నాడు.

"సిగ్గు కాదన్నా, బయం," అంది గంగులమ్మ.

స్టూలు మీద కూర్చున్న ప్రశాంతి నేలను చూస్తూ అడిగింది. "అమ్మా, తలెత్తి పాడేది నీకు ఒకటీ రాదా?"

"రాదే."

"అవ్వకు?"

"ఆయమ్మ నేర్పినవే ఇవన్నీ."

పిల్ల తల్లి కొంగు పట్టి లాగింది. "సచ్చిపోతాయంట కదా. పాడు మా, ఏదో ఒకటి."

గంగులమ్మ బల్ల మీదికి వంగి మళ్లీ నాట్ల పాటే అందుకుంది. చెదిరిన కణాలు ఒక్కొక్కటే బుద్ధిగా దగ్గరికి జరిగాయి.

ఆ నెలలోనే ఆపరేషన్ అయింది. కాలిన ఆనవాలు కూడా మిగల్లేదు. తల మాత్రం వంగే ఉంది. కొత్తగా చూసినవాళ్లంతా ఎంత అణకువైన పిల్లో అని మెచ్చుకున్నారు.