అతిథుల కోసం ఆపిన నీళ్ళు

బోరింగుకి తాళం వేయించింది నేనే. ఇంకెవరి మీదా నెట్టను. పాస్టరు జెరె గారు మంచాయన, ఆయన్నేమైనా అంటే నా నోరు పడిపోతుంది.

స్కాట్లండులో మా సంఘానికి అక్క లాంటి సంఘం ఒకటుంది. పన్నెండేళ్ళుగా వాళ్ళ కోసం మేమూ, మా కోసం వాళ్ళూ ప్రార్థన చేసుకుంటున్నాం. అక్కడ వాళ్ళు కేకులు కాల్చి అమ్మారు, ఇక్కడ మేం ఇసుకా ఇటుకలూ నెత్తిన మోశాం, మొత్తానికి బడి వెనక బోరు పడింది. మార్చి మొదట్లో, మా వైపు వానలింకా దంచుతుండగానే, హ్యాండిలు బిగించారు. మేస్త్రీ నాలుగుసార్లు కొట్టి చూపించి, "నీళ్ళు పరీక్ష చేయించాం, ఇవాళ్టి నుంచే తాగొచ్చమ్మా," అన్నాడు. ఆ తెల్లటి నీళ్ళు చూసి ఆడవాళ్ళం ఒకటే కేకలు, ఒకటే గెంతులు.

"ఆగండి! ఎవరూ ముట్టకండి!" అని అరిచాన్నేను. స్త్రీల సమాజం అధ్యక్షురాల్ని మరి! "ఈస్టరుకి వాళ్ళొస్తున్నారు. అతిథి నోట పడకుండా ఇంటివాళ్ళు తాగుతారా? మీ అమ్మలు మీకిదేనా నేర్పింది?"

"వాళ్ళు ఆగమని రాయలేదు కదా, న్యాగోండ్వే," అన్నారు పాస్టరు గారు మెల్లగా.

"ఎవరైనా రాస్తారా? మీ ఇంటికొస్తున్నాం, కోడి తొడ మాకే ఉంచండని చుట్టాలు ఉత్తరం రాస్తారా? మనకుండాలి ఆ మాత్రం."

అందరూ పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. "నాలుగు వారాలే కదా, ఇన్నాళ్ళూ వాగునీళ్ళు తాగి చచ్చామా," అంది పక్కింటి న్యాచిర్వా. గొలుసు తెచ్చిందీ ఆవిడే. తాళంచెవి నేను నడుం గుడ్డ కొంగున ముడేసుకున్నాను. ఆ రోజు ఎంత గొప్పగా నడిచానో ఊళ్ళో, తల్చుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

నవ్వనిదల్లా నా కోడలు తివోంగె. నా కొడుకు పొగాకు తోటల్లో పనికెళ్ళాడు, ఇంట్లో మేమిద్దరం, నాలుగేళ్ళ నా మనవరాలు మ్వీజా. మర్నాడు సంకటి కెలుకుతూ కోడలు మెల్లగా కదిపింది.

"అత్తా, వాగు ఎర్రగా పారుతోంది. పిల్లదానికి మాత్రం ఓ చిన్న బిందె. తెల్లారకముందే తెచ్చేస్తాను, ఎవరూ చూడరు."

"వాగునీళ్ళే కాచి తాగించు."

"కట్టెలన్నీ తడిసిపోయాయి అత్తా. పొగే తప్ప మంట రావట్లేదు."

"తాళం వేయించిన దాని ఇంట్లోనే దొంగ నీళ్ళు దొరికితే ఊరు నా మొహాన ఉమ్మదూ? నోర్మూసుకుని పని చూసుకో."

మళ్ళీ సంకటి కెలకడంలో పడింది. నా మాట జవదాటే పిల్ల కాదది. జవదాటి ఉంటే ఎంత బాగుండేది దేవుడా!

మూడో వారం, బుధవారం పొద్దున మ్వీజాకి విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి. "నానమ్మా, నీళ్ళు. నానమ్మా, నీళ్ళు." ఒకటే అడగడం. అప్పుడు పరిగెత్తాను. తాళం తీసి, గొలుసు పీకి అవతల పారేసి, బిందె నింపుకొచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చెంచాతో పోస్తే పోసినవి పోసినట్టే బయటికొచ్చేవి. పాస్టరు గారు తల్లినీ పిల్లనీ సైకిలు వెనక ఎక్కించుకుని ఆ బురదలో ఆసుపత్రికి బయల్దేరారు. సగం దారిలోంచే తిరిగొచ్చారు. సైకిలు తొక్కకుండా నడిపించుకొస్తుంటేనే నాకు అర్థమైపోయింది.

ఆ సాయంత్రం నుంచి ఊరంతా బోరింగు నీళ్ళే తాగింది. తివోంగె మాత్రం అటు తొంగిచూడలేదు. వాగుకే వెళ్ళేది, తెచ్చి కాచుకునేది. నన్ను ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడితే కదా!

ఈస్టరు సోమవారం వాళ్ళొచ్చారు, ఆరుగురు. మ్వీజా సంగతి వాళ్ళకి చెప్పొద్దని పాస్టరు గారిని ముందే బతిమాలుకున్నాను. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు ఏడుస్తూ తిరిగెళ్ళకూడదు కదా. పాటలయ్యాయి, ప్రార్థనయ్యింది. అతిథికిచ్చేటప్పుడు మా పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా గ్లాసు పట్టుకుని, వాళ్ళ పెద్దావిడ ఐలీన్ గారికి అందించాను. ఆవిడ గ్లాసుని గుండెకి ఆనించుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత దాన్ని అలాగే తిరిగి నా చేతుల్లో పెట్టి, పాస్టరు గారితో ఏదో అంది. ఆయన మొహం పాలిపోయింది.

"ఏమంటోందండీ?" అన్నాను.

"ఇక్కడి నీళ్ళేవీ తాగొద్దని వాళ్ళ డాక్టర్లు చెప్పి పంపారట. సీసాల్లో తెచ్చుకున్నారట. మనసులో ఏమీ పెట్టుకోవద్దంటోంది, న్యాగోండ్వే. క్షమించమంటోంది."

ఆవిడ తప్పేముంది? ఆవిడకేం తెలుసు పాపం! నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేనే, నిండు గ్లాసు పట్టుకుని అక్కడే మోకాళ్ళ మీద ఉండిపోయాను. ఎవరి కోసం ఆపానో వాళ్ళకి అక్కర్లేని నీళ్ళవి. తాగలేను, పారబొయ్యలేను.

జనంలోంచి తివోంగె వచ్చింది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, నిలబడే, చుక్క మిగలకుండా తాగేసింది. మూతి తుడుచుకుంది.

"బాగున్నాయత్తా," అంది. "మ్వీజా అయితే ఇంకో గ్లాసు అడిగేది."