పెట్టిందెవరు?

"పాపకి ఆ ప్యాకెట్లు పెట్టిందెవరని కోర్టులో అడిగితే ఏం చెప్తావ్?" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆమె కూతురి డబ్బాలోకి కీర ముక్కలు తరుగుతోంది. తల ఎత్తకుండానే, "నేనేనని చెప్తా" అంది.

"అంతే. ఎన్నిసార్లు అడిగినా అదే మాట మీదుండు. తల్లివి కదా, నిన్నెవరూ ఏమీ అనరు. మధ్యలో నా పేరూ, అమ్మ పేరూ ఎందుకు?"

తల్లివి కదా, ఎవరూ ఏమీ అనరట! ఆ మాటకి ఆమె చేతిలో కత్తి కూడా నవ్వుకునే ఉంటుంది. ఈ ఏడాదిలో ఆమెను ఏదో ఒకటి అనకుండా వదిలినవాళ్ళెవరైనా ఉన్నారంటే వాళ్ళింకా పుట్టలేదన్నమాట. పిల్లకి పన్నెండేళ్ళు నిండకుండానే కాలేయం నిండా కొవ్వు పేరుకుందనీ, రక్తంలో చక్కెర పెద్దవాళ్ళను మించిపోయిందనీ తేలిన రోజు, డాక్టరు కాగితాలు కింద పెట్టి, "ఏం పెట్టారమ్మా పిల్లకి?" అని అడిగాడు. ఎదురుగా తండ్రి నిలబడి ఉన్నాడు, నాయనమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. డాక్టరు చూపు మాత్రం అడ్రసు తెలిసినట్టు నేరుగా ఆమె మీదే వాలింది. మిగిలిన ఇద్దరూ కూడా, ఆ జవాబేదో తామూ ఇప్పుడే వినబోతున్నట్టు ఆమె వైపు తిరిగారు.

ఇంతకీ ఆ ప్యాకెట్లు ఇంటికెలా వచ్చాయి? భర్త ఓ పెద్ద సరుకుల దుకాణంలో గోదాము చూసుకుంటాడు. గడువు దగ్గరపడిన సరుకు అక్కడి పనివాళ్ళకి సగం ధరకే ఇస్తారు. అట్టపెట్టె భుజాన వేసుకుని, వేటకెళ్ళి వచ్చినవాడిలా గుమ్మంలో నిలబడి, "గువ్వా, నాన్న ఏం తెచ్చాడో చూడూ" అని కేకేసేవాడు. పుట్టినప్పుడు దోసిట్లో ఇమిడిపోయిందని కూతురికి గువ్వ అని పేరు పెట్టుకున్నారు. గువ్వ పరుగెత్తుకొచ్చేది. పెట్టె నిండా కళ్ళజోడు పెట్టుకున్న బాతు బొమ్మ ప్యాకెట్లు. తీపి పూసిన రింగులు, క్రీము బిస్కెట్లు, నీళ్ళలో కలిపితే గులాబీరంగు పాలయ్యే పొడి. బాతు పక్కనే పెద్ద అక్షరాలు: చదువుకునే పిల్లల మెదడుకి బలం! సాయంత్రం పూట నాయనమ్మ టీవీ ముందు కూర్చుంటే పిల్ల ఒళ్ళో ఒక ప్యాకెట్టు పడేది. పిల్ల కదలదు, మెదలదు, ఆవిడ సీరియల్‌కి అడ్డం రాదు. "నేనుండబట్టి పిల్ల గలాటా లేకుండా పెరుగుతోంది" అని ఆవిడ పక్కింటివాళ్ళతో చెప్పుకునేది కూడా.

బాతు మాట ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఆమె ఉద్యోగం ఆస్పత్రి లాండ్రీలో. చీకటి విడవకముందే షిఫ్టు మొదలవుతుంది. ఆలోపు అత్తగారికి ఉప్పు తగ్గించి ఒకటి, ఆయనకి కారం పెంచి ఒకటి, ఉదయానికొకటి, మధ్యాహ్నానికొకటి. అన్నీ అయ్యి పాప డబ్బా దగ్గరికి వచ్చేసరికి అటు పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు, ఇటు ఒంట్లోనూ ఏమీ ఉండేది కాదు. అప్పుడు బాతు ఆదుకునేది. ప్యాకెట్టు చించి డబ్బాలోకి ఒంపి మూత బిగిస్తే పని అయిపోయేది. ఎందుకు ఒంపడమంటే, బడిలో ప్యాకెట్లు నిషేధం. ఇంటి తిండి మాత్రమే తేవాలని గేటు మీద బోర్డు పెట్టారు. ఆ బోర్డు పెట్టిన మర్నాటి నుంచీ గేటు పక్క గోడ వార తల్లులు వరసగా గొంతుక్కూర్చుని, హడావిడిగా ప్యాకెట్లు చించి స్టీలు డబ్బాల్లోకి నింపేవాళ్ళు. బయట చెత్తబుట్టలో బాతులు పొంగి పొర్లేవి. లోపల వరండాలు అద్దంలా ఉండేవి. ఏడాది చివరి సమావేశంలో పెద్ద టీచరమ్మ, "మా బడిలో ప్రతి బిడ్డా అమ్మ చేతి వంటే తింటుంది" అని మురిసిపోతే, తల్లులంతా చప్పట్లు కొట్టారు. అందరి కంటే గట్టిగా ఆమే కొట్టి ఉంటుంది. "టీచర్ అడిగితే మా అమ్మే చేసిందని చెప్పు, సరేనా?" అని గువ్వకి నేర్పింది కూడా ఆమే. గువ్వ బుద్ధిమంతురాలు. చెప్పింది చెప్పినట్టు చెప్పేది.

కేసు సంగతి లాయరమ్మ వల్ల తెలిసింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న చిన్న వయసు పిల్ల, మాట మాత్రం మెత్తన. ఇలాంటి పిల్లలున్న కుటుంబాలను కూడగట్టి ఆ కంపెనీ మీద దావా వేస్తోంది. "పిల్లలు తినడం ఆపలేని రుచి ఏదో లెక్కగట్టి మరీ తయారు చేశారక్కా. జబ్బులొస్తాయని తెలిసీ మెదడుకి బలమని అమ్మారు. పాప వైద్యం ఖర్చంతా వాళ్ళే పెట్టుకోవాలి" అంది. గువ్వకి ఇప్పుడు పూటపూటా సూది. ముందు ముందు ఇంకేమేం కావాలో డాక్టరు సగం చెప్పి సగం మింగాడు. ఆ వైద్యం ఈ ఇంటి సంపాదనకి అందేది కాదు. కాబట్టి కేసు గెలవాలి. అది పైకి చెప్పుకోగలిగిన కారణం. లోపల ఆమెకి ఇంకో కోరిక ఉండేది. ఎవరో ఒక పెద్దమనిషి, ఎత్తు కుర్చీలో కూర్చున్నవాడు, నలుగురూ వింటుండగా "ఇది నీ తప్పు కాదమ్మా" అనాలి. గువ్వ అది వినాలి. అంతే.

బిల్లులు లేవు. సగం ధర సరుకుకి బిల్లులెవరిస్తారు? అందుకని భర్త వచ్చి తానే తెచ్చేవాణ్ణని ఒక్క మాట చెబితే బాగుంటుందని లాయరమ్మ అంది. అతను అదిరిపడ్డాడు. "ఆ కంపెనీ సరుకు మా దుకాణంలో నాలుగు వరసలుంది. రేపు నన్ను ఉద్యోగంలో ఉంచుతారా? అయినా నేను తెచ్చాను సరే, పెట్టమన్నానా?" అత్తగారయితే వంటింటి గుమ్మంలో నిలబడి రోజుకోసారి తీర్పు చెప్పేది. "నలుగురిని పెంచాను, ఒక్కడికైనా రోగమొచ్చిందా? కోర్టుకెక్కుతుందట కోర్టుకి. జడ్జి అడగడూ, పెట్టిందెవరే అని? పెట్టినవాళ్ళనే లోపలేస్తారు చూస్తూండు." గువ్వ పక్క గదిలో హోంవర్కు చేసుకుంటూ ఉండేది. పసిదాని ముందు ఈ గొడవలెందుకని ఆమె తలుపు దగ్గరకి వేసేది. కేసు గురించి కూతురితో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడకపోతే దానికేమీ తగలదనుకుంది. పిచ్చి తల్లి, ఆ తలుపు పలకలు ఎంత పల్చనో ఆలోచించలేదు.

ఆమె వాంగ్మూలం రోజు కంపెనీ లాయరు మంచినీళ్ళు ఇప్పించి మరీ మొదలుపెట్టాడు. ఎంతో మర్యాదస్తుడు.

"మీరు ఆస్పత్రి ఉద్యోగి కదమ్మా?"

"దుప్పట్లు ఉతికే చోటండీ."

"ఆస్పత్రే కదా?"

"ఆస్పత్రేనండీ" అంది ఆమె. పిల్లలకి ఏం పెట్టాలో ఆ దుప్పట్ల మీద రాసుంటుందని ఆయన అనుకుంటున్నాడేమో మరి.

"ప్యాకెట్టు వెనకవైపు ఏం రాసుందో ఎప్పుడైనా చదివారా?"

"ముందువైపు చదివానండీ."

"వెనకవైపు?"

వెనక అక్షరాలు చీమ తలకాయంత. అవి చదవాలంటే వెలుతురు కావాలి, తీరిక కావాలి, కూర్చోడానికి ఒక చోటు కావాలి. ఇదంతా చెప్పబోయింది. "చదివారా, లేదా?" అన్నాడు. లేదంది. కొన్నదెవరన్నాడు. నేనేనంది. పెట్టిందెవరన్నాడు. నేనేనంది. టైపు చేసే అమ్మాయి వేళ్ళు టకటకా కదిలాయి. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆమె చేసిన ఏ పనీ ఎవరూ రాసి పెట్టుకోలేదు, ఇది మాత్రం పొల్లుపోకుండా రాసుకున్నారు. ఇంటికి రాగానే భర్త మొదట అడిగిన మాట, "నా పేరు రాలేదుగా?" రాలేదంది. "హమ్మయ్య" అని టీవీ పెట్టుకున్నాడు.

తరవాత గువ్వ వంతు వచ్చింది. దుకాణంలో సరుకు లెక్క ఉందని తండ్రి రాలేదు. బస్సులో గువ్వ తల్లి చెయ్యి పట్టుకునే కూర్చుంది, చక్కెర చూసుకోడానికి సూదులు పొడిచి పొడిచి గట్టిపడిన వేళ్ళతో. "భయపడకు. గుర్తున్నది గుర్తున్నట్టు నిజం చెప్పు, అంతే చాలు" అని లాయరమ్మ ముందే చెప్పింది. గువ్వ తల ఊపింది. తల్లిని గదిలో ఓ మూల కూర్చోనిచ్చారు. మధ్యలో నోరెత్తకూడదన్నారు.

కంపెనీ లాయరు బాతు బొమ్మ చూపించాడు. "ఇదెవరో తెలుసా తల్లీ?"

"టీవీలో చూశానండీ."

"దీని ప్యాకెట్లు తినేదానివి కదూ?"

గువ్వ తల్లి వైపు చూసింది. చెప్పమ్మా, అన్నట్టు తల్లి కళ్ళతోనే సైగ చేసింది. గువ్వ కుర్చీలో నిటారుగా సర్దుకుంది.

"లేదండీ. ఎప్పుడూ తినలేదు. మా అమ్మే చేసి డబ్బాలో పెట్టేది."

లాయరమ్మ పెన్ను ఆగిపోయింది. కంపెనీ లాయరు కూడా ఒక్క క్షణం తికమకపడ్డాడు. కోర్టుల్లో ఇంత తేలిగ్గా ఎవరూ ఏదీ చేతిలో పెట్టరు కదా. "ఏం పెట్టేదమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఉడకబెట్టిన గుడ్డు, కీర ముక్కలు, శనగలు, జామకాయ. చిన్నప్పట్నించీ అంతే. కావాలంటే మా టీచర్ని అడగండి."

అవి డాక్టరు రాసిచ్చాక, ఈ ఏడాదే మొదలైన తిండి. ఆమె కుర్చీలోంచి సగం లేచింది. లాయరమ్మ కూర్చోమన్నట్టు చెయ్యి చూపింది. ఆమె కూర్చుంది.

"మరి ఈ జబ్బు ఎలా వచ్చిందంటావు?"

"నేనే, దొంగతనంగా చక్కెర తినేదాన్నండీ. డబ్బాలోంచి, చెంచాతో. మా అమ్మకి తెలీదు. తెలిస్తే తిననిచ్చేది కాదు." ఒప్పజెప్పే పద్యం తప్పు పోకుండా చెప్పినట్టు చెప్పింది. టకటకా టైపు అయిపోయింది.

ఆ ఇంట్లో చక్కెర డబ్బా అటక మీద ఉండేది. గువ్వకి ఇప్పటికీ అందదు. ఈ సంగతి ప్రపంచంలో ఒక్క ఆమెకే తెలుసు, ఆమె నోరెత్తకూడదు. బిడ్డ కళ్ళ ముందే బావిలోకి నడిచిపోతుంటే గట్టు మీద కట్టేసినట్టు కూర్చుంది.

బయటికొచ్చాక గువ్వ మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. వరండాలో లాయరమ్మ ఆమె భుజం పట్టుకుంది. "ఇలాగే ఉంటే మన కేసు పోయినట్టేనక్కా. డబ్బాలో ఇంటి తిండే తెచ్చేదని టీచర్ కూడా చెప్తుంది. ఇక ఒకటే దారి. రేపు మీరు మళ్ళీ వచ్చి, పాప చెప్పింది అబద్ధమని చెప్పాలి. అదెందుకు అలా చెప్పిందో కూడా చెప్పాలి. దాని ముందే అడుగుతారు. మీవల్ల అవుతుందా?"

ఎందుకు చెప్పిందో ఆమెకేం తెలుసు? అయినా, "అవుతుంది" అంది. "చెప్తాను. ఏం చెప్పమంటే అది చెప్తాను. దాని మందులు ఆగకూడదు."

గువ్వ తడి మొహంతో వచ్చింది. లాయరమ్మను చూసి కాస్త దూరంగా తల్లిని లాక్కెళ్ళి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"బాగా చెప్పానా? ఇక నిన్ను లోపలెయ్యరుగా?"

"నన్నా? నన్నెవరు వేస్తారే?"

"పెట్టినవాళ్ళనే వేస్తారని నానమ్మ అందిగా. నాన్న కూడా తన పేరు రాకూడదన్నాడు. అందుకే నువ్వసలు పెట్టనే లేదని చెప్పేశా."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. కూతురి రెండు చేతులూ పట్టుకుంది. "గువ్వా, ఇటు చూడు. ఈ కేసు నా మీద కాదమ్మా. మనమే వేశాం, ఆ కంపెనీ మీద. నీకు జబ్బు తెప్పించింది వాళ్ళు. అర్థమైందా? నేను కాదు, వాళ్ళు."

గువ్వ తల్లినే చూసింది. పిల్లలు భయపడకుండా పెద్దవాళ్ళు ఏవేవో చెబుతారని తెలిసిన వయసది. తల్లి చెంప మీద నీళ్ళు తన చేత్తో తుడిచింది. "సరేలే అమ్మా" అంది, ఊరడింపుగా. "నేనెవరికీ చెప్పను."

ఇంకో రెండుసార్లు చెప్పి చూసింది. రెండుసార్లూ గువ్వ అలాగే తల ఊపింది. ఆమె ఫోను తీసి భర్తకి చేసింది. గోదాములో అట్టపెట్టెలు లాగుతున్న చప్పుళ్ళ మధ్య అతని గొంతు వినిపించింది.

"అయిపోయిందా? నా పేరు రాలేదుగా?"

"రాలేదు. రేపు మీరు రావాలి. అత్తయ్యనీ తీసుకురండి."

"నేనా? నేను కోర్టులో చెప్పనని ముందే..."

"కోర్టులో ఏమీ చెప్పక్కర్లేదు" అంది ఆమె. "ఈ కేసు నా మీద కాదని మీ కూతురికి చెప్పండి. నేను చెప్తే నమ్మట్లేదు."