సోమవారం అలిగే నీళ్లు

ప్రతి సోమవారం పొద్దున్నే పళ్ల డాక్టరు గారింటి ఈతకొలను ఖాళీగా ఉండేది. నీళ్లు అలిగి, డాబా ఎక్కి, ట్యాంకు పక్కన ముడుచుకుని కూర్చునేవి. బట్టలారేయడానికి వెళ్లిన ఆ ఇంటి కోడలు, డాక్టరు భార్య, "కాస్త జరగండమ్మా" అని పక్కనుంచి దారి చేసుకునేది. శుక్రవారానికి కోపం చల్లారి, మెట్ల మీదుగా వాటంతటవే దిగొచ్చేవి.

ఇదివరకు దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు డాక్టరు తల్లికి తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. రోజూ నడుం లోతు నీళ్లలో నడవాలని, మధ్యలో మానేస్తే కాలు బిగుసుకుపోయి ఇక చక్రాల కుర్చీయే గతని ఫిజియోథెరపీ అమ్మాయి ఖరాఖండిగా చెప్పింది. వారంలో నాలుగు రోజులు నీళ్లు డాబా మీదుంటే ఆవిడ నడిచేదెక్కడ? నెల తిరిగినా గట్టు మీద మూడడుగులు దాటలేకపోయింది.

అప్పుడు పిలిపించారు చుక్కలక్కని. ఊళ్లో కొలనులన్నీ బాగుచేసేది ఆవిడే. చుక్కలు లెక్కపెట్టి నీళ్లను పరీక్షిస్తుంది కాబట్టి ఆ పేరు. ఆ చేతుల నిదానం చూసి తీరాల్సిందే. సరాసరి డాబా ఎక్కి, గాజుగొట్టంలో కాసిని నీళ్లు పట్టి, చుక్కలు వేసి, రంగు చూసి, "క్లోరిన్ ఎప్పుడేస్తారు?" అంది.

"ఆదివారం. వారానికి సరిపడా ఒకేసారి, గుప్పిళ్లతో," అన్నాడు డాక్టరు గర్వంగా.

"మీ దగ్గరికొచ్చేవాళ్లకి వారం మాత్రలు ఒకేసారి మింగిస్తారా డాక్టరు గారూ? సోమవారం గొంతు మంట, శనివారానికి నాచు. అలగవూ మరి!"

డాక్టరు నాలుక్కరుచుకున్నాడు.

నీళ్లకి మందు అందించే పరికరాలు ఎన్ని రకాలున్నాయో కోడలు ఏకరువు పెట్టింది. క్లోరిన్ బిళ్లలేసి నీళ్ల మీద వదిలే తేలే డబ్బా?

"గాలికి ఏ మూలకో చేరుతుంది, ఆ మూలంతా ఘాటు. మీ అత్తగారు నడిచే చోటికే చేరిందనుకో?"

గొట్టానికి బిగించే బిళ్లల డబ్బా?

"మంచిదే. కానీ ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా ఆ బిళ్లల్లో ఇంకో మందుంటుంది. మీ నీళ్లలో అదిప్పటికే ఎక్కువైంది."

చివరికి చుక్కలక్క ద్రవరూపంలో ఉండే క్లోరిన్‌ని చుక్కచుక్కగా వదిలే పంపు ఖాయం చేసింది. ఆ ఘాటుకి ఫిల్టరు, హీటరు పాడవకుండా, అవి దాటాక గొట్టానికి బిగించింది. పెద్ద మోటారు ఆగితే ఇదీ ఆగేలా వైరు కలిపింది. మిగిలిన పాత పొడి వృథా ఎందుకని కోడలు ద్రవమున్న కొత్త డబ్బాలో పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా! రెండు రకాల క్లోరిన్ కలిస్తే విషవాయువు పుడుతుంది, పేలినా పేలుతుంది. తోడికోడళ్లనుకో. ఎవరి వంటిల్లు వాళ్లదే."

పనంతా అయ్యాక మళ్లీ డాబా ఎక్కి, "ఇకమీదట చుక్కలే, గుప్పిళ్లు లేవు. నాదీ పూచీ," అంది. నీళ్లు కాసేపు ఆలోచించి దిగాయి.

సోమవారం వచ్చింది. నీళ్లు కదల్లేదు. ఆ తర్వాతి సోమవారమూ అంతే. పెద్దావిడ రోజూ అరగంట నడిచింది, పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటూ.

నెలాఖరున చక్రాల కుర్చీ సంగతి తేల్చడానికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. పెద్దావిడ గట్టెక్కగానే కాళ్లు వణికాయి. నీళ్లు కూడా ఆవిడతోపాటే గట్టెక్కి, నడుం చుట్టూ పట్టుకుని, వరండా దాటించి, హాల్లోకి తీసుకొచ్చాయి. హాలు మధ్యలో చప్పుడు చెయ్యకుండా ఆవిడని వదిలేసి, నేల మీద చుక్క తడి మిగల్చకుండా వెనక్కి వెళ్లిపోయాయి.

ఆవిడ గమనించలేదు. పట్టుకోబోయిన కొడుకుని ఫిజియోథెరపీ అమ్మాయి చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. ఒక్కో అడుగే వేసుకుంటూ ఆవిడ వంటింటి గుమ్మం దాటింది. తిరిగి చూస్తే కొడుకు కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఎందుకురా ఏడుస్తావు?" అని తన నడుం చుట్టూ చూసుకుంది. "నీళ్లేవి?"