పన్నెండో గింజ

మధ్యాహ్నం నాలుగు కావస్తుంటే కువైట్ తీరాన ఫింటాస్‌లో ఆ ఐదో అంతస్తు గదిలో ఒక ఊరు పుట్టేది. రోజూ పుట్టేది. కనేది ఎనభై ఆరేళ్ల హిల్డా. పురుడు పోసేది ఆమెను చూసుకునే రాయచోటి మనిషి అమీర్‌బీ.

టీ ట్రే మీద చెంచా పెడితే నది. బోర్లించిన గ్లాసు చర్చి. కడిగి దాచుకున్న పదకొండు ఖర్జూరపు గింజలు పదకొండు ఇళ్లు. హిల్డా ముత్తాతల కాలంలో పదకొండు జర్మన్ కుటుంబాలు ఓడ దిగి, బ్రెజిల్ అడవిలో చెట్లు కొట్టి, చీట్లు వేసి స్థలాలు పంచుకుని కట్టుకున్న ఊరది. పేరు నోయ్‌బాఖ్. పక్కిల్లు ఎవరిదో చీటీయే చెప్పింది కాబట్టి ఓడలో జుట్లు పట్టుకున్నవాళ్లు కూడా పక్కపక్కనే పడ్డారట. ఇది చెప్పినప్పుడల్లా హిల్డా పగలబడి నవ్వేది. అమీర్‌బీ కొత్తగా విన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

హిల్డా కొడుకు పీటర్ సార్ పెద్ద ఇంజనీరు. ఆయనకు ఈ కథ వినే ఓపిక లేదు. అమీర్‌బీకేమో వినడం పనిలాగే అనిపించేది కాదు. వింటూ ఉంటే ఏసీ చప్పుడు నది హోరయ్యేది. సముద్రం మీంచి వచ్చిన వెలుగు గోడ మీద ఆకుల్లా కదిలేది. ఆ బురద వీధిలో ఆమె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచేది, ఒక్కో గుమ్మంలోకి తొంగిచూసేది. బెకర్ల ఇంట్లో రాగిసంగటి కెలుకుతున్నారు కూడా! కువైట్‌లో పన్నెండేళ్లుగా నాలుగిళ్లు మారింది, ఏ గోడకూ మేకు కొట్టుకునే హక్కు లేదు. ఆ గింజల ఊరిలో ఉన్నంతసేపూ ఆమెకు ఎంత హాయిగా ఉండేదో!

ఆ వారం శుక్రవారం ఆ ఊరి పుట్టినరోజు. ఆ ఊరివాళ్లలో అందరికన్నా పెద్దవాళ్లు, ఎక్కడున్నా సరే, చీటీల వరసలో కుటుంబాల పేర్లు పిలవాలి. పేరుకొకసారి చర్చి గంట కొట్టాలి. కొట్టేవాడు ఎదురు ప్రశ్న వేయకూడదు. పిలవని కుటుంబం ఊరు విడిచిపోయినట్టే లెక్క. ఈసారి ఆ వంతు హిల్డాది. కానీ నెల రోజులుగా ఆమెకు పేర్లు జారిపోతున్నాయి. ఒకరోజు తొమ్మిది, ఇంకోరోజు ఏడు.

"అంతమందిని నేనే వెళ్లగొడతానేమో," అని గురువారం నాడు తన వచ్చీరాని ఇంగ్లీషులో ఏడ్చింది.

"ఏడ్సాకు మామా. గింజ ముట్టుకుంటే పేరు అదే వచ్చాది. నేనుండా గదా," అంది అమీర్‌బీ. కువైట్ ఇళ్లలో యజమానురాలిని మామా అనే పిలుస్తారు. తెలుగు రాకపోయినా ఆ గొంతు హిల్డాకు అర్థమైంది.

శుక్రవారం అమీర్‌బీకి పొద్దున్నుంచి ముద్ద దిగలేదు. నాలుగింటికి ట్రే సర్దుతూ నీరసంగా ఉందని ఒక ఖర్జూరం నోట్లో వేసుకుంది. అంతలోనే పీటర్ సార్ నోయ్‌బాఖ్‌కి వీడియో కాల్ కలిపాడు. కంగారులో ఆ గింజను అలవాటుగా ట్రే మీదే పెట్టేసింది.

తెర మీద అక్కడి ఉదయపు ఎండ, చర్చి ముందు జనం, గంట తాడు పట్టుకున్న ఒక బక్కమనిషి. హిల్డా మొదటి గింజ ముట్టుకుంది.

"వెబర్."

ఎక్కడో అడవి అవతల గంట మోగింది. పేరు వెంట పేరు, గంట వెంట గంట. ఏడో గింజ దగ్గర వేలు ఆగిపోయింది. తెరకు కనబడకుండా నిలబడి అమీర్‌బీ పెదవులు కదిపింది.

"బెకర్," అంది హిల్డా.

పదకొండూ అయ్యాయి. అమీర్‌బీ ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ వేలు ఆగలేదు. చివరన ఇంకా తడి ఆరని గింజ మీదికి వెళ్లింది. తీసేద్దామని చాచిన చెయ్యి తెరకు కనబడుతుందని అమీర్‌బీ వెనక్కి లాక్కుంది. ఎంత పని చేశాను! ఇంత పెద్ద మనిషిని ఊరందరి ముందూ నవ్వులపాలు చేశానే!

"అయిపోయాయమ్మా, పదకొండే," అన్నాడు పీటర్ సార్.

"ఇక్కడ ఇంకో ఇల్లుంది కదరా," అంది హిల్డా. ఆ గింజను చాలాసేపు చూసి, తలెత్తి అమీర్‌బీని చూసింది. తర్వాత తెర వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"అమీర్‌బీ."

బక్కమనిషి ఒక్క క్షణం తటపటాయించాడు. ప్రశ్న వేయకూడదు కదా, తాడు లాగాడు. గంట మోగింది.

కొత్తగా ఊళ్లోకి వచ్చిన మనిషిలా అమీర్‌బీ తల మీద కొంగు సరిచేసుకుని, తెర ముందుకు వచ్చి, ఆ జనమంతటికీ సలాం చేసింది.