పట్టుబడికి ముందు ఆపిన మందు

కంకిపాడు అవతల రొయ్యల చెరువులు చేసే రత్తయ్యకు తన తెలివి మీద నమ్మకం జాస్తి. ఆ ఉదయం బెజవాడ ఆసుపత్రి మంచం మీద, కిడ్నీలో రాయి పెట్టుకుని కూడా పెళ్లికొడుకులా మురిసిపోతున్నాడు. నెల్లాళ్లుగా నడుము పట్టుకుని మెలికలు తిరిగినవాడికి ఇంకో గంటలో ఆపరేషన్ మరి! భార్య గంగారత్నం మాత్రం భయంతో తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టుకుంటోంది.

డాక్టర్ సుస్మిత వచ్చింది. "రత్తయ్య గారూ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని వారం రోజులకి యాంటీబయాటిక్ రాశాను కదా. పొద్దుటి మాత్ర వేసుకున్నారా?"

ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాడు రత్తయ్య.

"మూడ్రోజుల ముందే ఆపేశానండీ! ఇప్పుడు ఏ టెస్టు చేసుకున్నా మందు ఆనవాలు దొరికితే ఒట్టు!"

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "ఎందుకాపారు?"

"చెరువులో రొయ్యలు పట్టే ముందు, పట్టుబడికి ముందు, మందులు ఆపమా అండీ? రొయ్యలో మందు తేలిందంటే కంపెనీవోళ్లు లారీకి లారీ వెనక్కి తోలేస్తారు!"

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "రొయ్యల్ని జనం తింటారు కాబట్టి ఆపుతారు. మిమ్మల్నెవరు తింటారండీ? రాయి పగలగొడితే అందులో దాక్కున్న క్రిములు రక్తంలో పడతాయి. ఆ టైముకి మందు ఒంట్లో ఉండాలి, లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇవాళ ఆపరేషన్ లేదు. మూత్రం మళ్లీ పరీక్షకిచ్చి, మాత్రలు మొదలుపెట్టండి. వారం తర్వాత చూద్దాం."

ఇంకో వారం ఆ నొప్పి! రత్తయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

"ఓరి నాయనో, నిన్ను కాటా ఎక్కించి కొనేవాడెవడయ్యా!" అంటూ గంగారత్నం పగలబడి నవ్వింది. వార్డంతా నవ్వింది. రత్తయ్యకూ నవ్వొచ్చింది. నవ్వితే రాయి పొడిచింది, పొడిస్తే కేకేశాడు, ఆ కేకకు జనం ఇంకా నవ్వారు.

రత్తయ్య మూత్రం పరీక్షకిచ్చి వచ్చేసరికి గంగారత్నం కళ్లు తుడుచుకుంటోంది. అది నవ్వు తెచ్చిన నీరు కాదు. మాత్రల అట్ట అప్పటికే ఆమె చేతిలో ఉంది.

"ఇకనించి ప్రతి మాత్రా నేనే ఏస్తా. ఎవడొచ్చి ఎంతిస్తానన్నా నిన్ను నేనివ్వనయ్యా."

ముప్పయ్యేళ్ల కాపురంలో రత్తయ్య అలాంటి మాట వినలేదు. నీళ్ల కోసం కూడా చూడకుండా మాత్ర గుటుక్కున మింగి, కావాలంటే చూసుకోమని నోరంతా తెరిచాడు.