పెద్దదవ్వనన్న విండో

మా ఓనరు చినబాబు గారికి లినక్స్ మీద ప్రేమేమీ లేదు. విండోస్‌లా కొనక్కర్లేకుండా అది ఊరికే వస్తుంది, అంతే. కువైట్‌లోని ఫహాహీల్‌లో బస్సులాగే చోటికి ఎదురుగా, మేడ మీద మా టైపింగు కొట్టు. ఉన్నవి కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నేను. రాజోలు వైపు నుంచి వచ్చిన ఈ పెద్దమనిషి ఆ కంప్యూటర్లతో చేసే పని ఒకటే. పొద్దున్నే ప్రతి తెరకీ అగరొత్తి చూపిస్తారు. అన్నిటి మీదా అన్నవరం స్వామి ఫొటో ఉంటుంది. తెర పైభాగాన బెత్తెడు మేర స్వామి ముఖం, దాని కింద మా పని.

ఆ శుక్రవారం మిష్రిఫ్ నుంచి రెడ్డెమ్మ వచ్చింది. రాయచోటి దగ్గరి మనిషి, అక్కడొక విల్లాలో ఇంటిపని చేస్తుంది, ఆ ఇంటి యజమానురాలిని ఇక్కడి పనివాళ్ళందరిలాగే మామా అంటుంది. కూతురు వెంకటేశ్వరి ఇంటర్ పాసయింది. రాయచోటిలో నర్సింగు కాలేజీకి ఆన్‌లైన్‌లో అప్లికేషను పెట్టాలి. పిల్ల ఉండే పల్లెలో నెట్టు లేదు. ఆఖరు రోజు అదే, అదీ మన దేశపు సాయంత్రం వరకే. అంటే మాకు భోజనాల వేళ దాటగానే గడువు పోతుంది. సీటు రాకపోతే ఏమవుతుందో రెడ్డెమ్మ దాచలేదు.

"మా మామా పోరుతాండాదక్కా. సబా అల్ సలేంలో వాళ్ళ చెల్లెలింట్లో పనికి నీ బిడ్డను పిలిపీ, వీసా నేను ఇప్పిస్తా అంటాది. మా అత్త వయసు ఎక్కువేపిచ్చి పాస్‌పోర్టు గూడా తీపిచ్చింది. కాలేజీలో చేరిందంటే వీళ్ళందరి నోరూ మూతపడతాది. నేను కడిగిన బాత్రూములు చాలవా, దాంతో గూడా కడిగిచ్చల్లా?"

గబగబా అన్నీ నింపాను. చివరి పేజీ వేరే చిన్న విండోలో తెరుచుకుంది. పిల్ల పేరు, మార్కులు కనపడుతున్నాయి గానీ, పంపడానికి నొక్కాల్సిన బటన్ తెర అడుగు దాటి పోయి కనపడటం లేదు. కిందికి జరుపుదామంటే జరగదు. పెద్దది చేద్దామని మూలనున్న గుర్తు నొక్కాను. స్వామి గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. మా కంప్యూటర్లలో విండోలు ఎప్పుడూ అంతవరకే పెద్దవవుతాయి. ఊరికే వచ్చినదానికి ఆ మాత్రం లోపం ఉండదా అని నేనూ పట్టించుకునేదాన్ని కాదు.

జుమ్మా నమాజు వేళ. చుట్టుపక్కల నెట్ కొట్లన్నీ మూసి ఉన్నాయి. చినబాబు గారు వెనక గదిలో బిరియానీ తింటున్న బావమరిదిని కేకేశారు. ఈ రాజా ఏదో ఆయిల్ కంపెనీలో ఐటీ అని చెప్పుకుంటాడు. అక్కడ ప్రింటర్లలో ఇంకు మారుస్తాడని అతని రూమ్మేటే నాతో చెప్పాడు. సెలవు రోజు కూడా మెడలో కంపెనీ కార్డు తియ్యడు.

"డ్రైవర్ ప్రాబ్లం," అన్నాడు, తెర వైపు చూడకముందే.

నల్ల తెర తెరిచి ఏవేవో కొట్టాడు. అక్షరాలు చిన్నవయ్యాయి, రంగులు మారాయి, విండో మాత్రం స్వామి గడ్డం దాటలేదు. ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. నేను నింపిందంతా పోయింది. మళ్ళీ నింపాను. మళ్ళీ ఆపాడు, మూడోసారీ నింపాను. కింద వీధిలో మామా డ్రైవరు హారన్ కొడుతున్నాడు. రెడ్డెమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపి, "దఖీఖా, దఖీఖా," అని ఒక్క నిమిషం కోసం బతిమాలుతోంది.

"ఈ విండోల్ని నడిపే విండో మేనేజరని ఒకటుంటుంది, అది పని చెయ్యట్లేదు బావా," అన్నాడు రాజా, చెమట తుడుచుకుంటూ.

"ఆయ్, మేనేజర్లెప్పుడు పనిచేశార్లేరా," అన్నారు చినబాబు గారు. ఆయన మాటకి ఆయనే నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అసలు స్వామి ముఖం మీదకి ఏ విండో ఎందుకు రాదండీ?" అని విసుగ్గా అడిగాను.

"రానిస్తానేంటమ్మా!" అన్నారాయన, ఛాతీ విరుచుకుని. "మన పాత కుర్రోడు బుజ్జిబాబు లేడూ, ఆడు ఊరెళ్ళేముందు కూర్చోబెట్టి పెట్టించుకున్నాను. కనపడని పట్టీ ఒకటుందంట అక్కడ. స్వామి మొకం మీద ఏదీ పడకుండా కాపలా కాస్తాదంట."

రాజా నోరు తెరిచాడు. "అదేదో ముందే చెప్పొచ్చు కదా బావా?"

"నువ్వు విండో గురించి అడిగావు గానీ స్వామి గురించి అడిగావేంట్రా?"

ఆ పట్టీ ఎలా తీయాలో నాకు తెలియదు. తెలిసిన మహానుభావుడు బావగారి ముఖం చూస్తూ నిలబడ్డాడు. బావగారేమో, శుక్రవారం పూట స్వామిని అలా కప్పేయడం మహాపాపమనీ, ముందు అనుమతి అడగాలనీ తేల్చారు. కర్పూరం కోసం సొరుగులు వెతికారు. అగ్గిపెట్టె దొరకలేదు. నేను అరిచాను. రెడ్డెమ్మ ఏడుస్తూ ఆయన కాళ్ళు పట్టుకోబోయింది. "కంగారు పడకమ్మా, స్వామి చూసుకుంటాడు," అని ఆమెను దీవించి, చెప్పులు విడిచి, హారతిచ్చి, కళ్ళు మూసుకుని, అప్పుడు తలూపారు. రాజా రెండు నొక్కులు నొక్కాడు. పట్టీ పోయింది. విండో ఒక్కసారిగా తెరంతా పరుచుకుంది. అడుగున బటన్ కనపడింది. నొక్కాను.

గడువు ముగిసిందని వచ్చింది.

చినబాబు గారే ముందు తేరుకున్నారు. "స్వామి సంకల్పం అమ్మా. మన చేతుల్లో ఏవుంది?"

"సామినేమనద్దు," అంది రెడ్డెమ్మ. "ఆయప్పకేం తెల్సు పాపం. అడ్డం పెట్టింది మీరు."

ఆయనకది వినపడిందో లేదో. ఆ పట్టీ మళ్ళీ యథాస్థానంలో పెట్టేయమని రాజాకి చెబుతున్నారు. సిగ్గులేని మనుషులు. ఆ క్షణంలో ఆ కంప్యూటర్లన్నీ కిటికీలోంచి వీధిలోకి విసిరేయాలనిపించింది.

రెడ్డెమ్మ ఫోన్ మోగింది. అటునుంచి మామా గొంతు నాకు కూడా వినపడేంత పెద్దగా ఉంది. చాలాసేపు విని, చివరికి, "ఐవా మామా," అంది. సరేనంది. ఫోన్ కొంగులో చుట్టుకుని, ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"వీసాకి పిల్ల ఫొటో ఏ సైజు పంపీమనల్లక్కా?"

రోజూ ఎంతమందికో చెప్పే కొలతే. కాగితం ముక్క మీద రాసిచ్చాను.