ఏడో బోగీ నాలుగో నట్టు

నేను ఒక ఇంపాక్ట్ డ్రైవర్ని, స్క్రూలూ నట్లూ బిగించే పనిముట్టుని, బ్యాటరీతో నడిచే రకాన్ని. పిస్తోలు ఆకారం చూసి అందరూ గన్ను అంటారు. పేరుకు గన్నునే గాని, విడివిడిగా పడి ఉన్నవాటిని ఒకటిగా కలపడం నా పని. ఊరు మారే రోజు వాటిని విడదీయడమూ నా పనే. ఆ రోజు నా చప్పుడు నాకే నచ్చదు.

ఎక్కడో ఫ్యాక్టరీలో నా కడుపులో ఒక చిన్న సుత్తినీ, దాని ఎదురుగా ఒక దాగలినీ అమర్చారు. స్క్రూ తేలిగ్గా దిగినంతసేపూ ఊరికే తిరుగుతాను. అది మొరాయించిందా, సుత్తి లేచి నిమిషానికి మూడు వేల దెబ్బలు వేస్తుంది. ఆ టకటక వింటే మనుషులకు మహా సంబరం. ఎంత చప్పుడైతే అంత గట్టిగా బిగిసిందనుకుంటారు.

నా మొదటి యజమాని, రాజమండ్రి వడ్రంగి బ్రహ్మలింగంగారు మాత్రం ఆ చప్పుడుకు లొంగలేదు. స్క్రూ తలకు సరిగ్గా కూర్చునే బిట్టు దొరికేదాకా నన్ను ముట్టుకునేవారు కాదు. టేకుచెక్కకు ముందు సన్నటి రంధ్రం వేసి, నన్ను సూటిగా నిలబెట్టి, వెనకనుంచి అరచేత్తో నొక్కి, మెల్లగా మొదలుపెట్టేవారు. తల చెక్కతో సమం కాగానే వేలు తీసేసేవారు. కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక, జెయింట్ వీల్ పీటలు బాగు చేయించుకోవడానికి వచ్చిన నూకరత్నానికి నన్ను ఇచ్చేశారు.

"దీన్ని తోలకమ్మా, నడిపించు" అన్నారు. ఇచ్చాక కూడా నా పిడిని చాలాసేపు వదల్లేదు.

నూకరత్నం కుటుంబం ఆ చక్రంతో ఊరూరా తిరుగుతుంది. భర్త పోయాక ఆ భారం ఆమె మీదా, మరిది సత్తిబాబు మీదా పడింది. ఆమె కాపురానికి వచ్చేనాటికి సత్తిబాబుకు నాలుగేళ్లు. గోరుముద్దలు పెట్టి పెంచింది. ఆ ఇంటివాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. చక్రానికి వేలాడే ఏ బోగీ నట్లు ఎవరు బిగిస్తే వాళ్లే, జనాన్ని ఎక్కించేముందు, అందులో కూర్చుని ఒక చుట్టు తిరగాలి.

సామర్లకోటలో ఆ రోజు పొద్దున్నే వాన పడి పని ఆలస్యమైంది. నాలుగింటికే తాడు అవతల జనం మూగారు. నట్టును ముందు వేళ్లతో రెండు మూడు చుట్లు ఎక్కించాలి. బోల్టు మరలో నట్టు మర కూర్చున్నాకే నన్ను పెట్టాలి. సత్తిబాబుకు ఓపిక లేకపోయింది. ఏడో బోగీ నాలుగో నట్టును నా కొసకు తగిలించిన సాకెట్టులోనే పెట్టి, బోల్టుకు ఆనించి, ట్రిగ్గరు అడుగుదాకా నొక్కేశాడు. నట్టు వంకరగా ఎక్కింది. మరలు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. నాకు బలం ఇచ్చారు గాని నోరు ఇవ్వలేదు. టకటకలాడుతూ బిగించేశాను.

"ఇంక ఏనుగొచ్చి లాగినా రాదు" అన్నాడు సత్తిబాబు.

నూకరత్నం కొలత పానాతో వచ్చింది. అనుకున్నంత బిగువు రాగానే టక్కుమనే పానా అది. ఆఖరి బిగింపు ఆమె ఎప్పుడూ నాతో చేయదు, దానితోనే చేస్తుంది. మూడు నట్ల దగ్గరా టక్కుమంది. నాలుగోదాని దగ్గరా టక్కుమంది. వంకరగా ఇరుక్కున్న నట్టు దాన్నీ మోసం చేసింది. సత్తిబాబు బోగీలో కాలు పెట్టాడు.

"ఆగెహే" అంది నూకరత్నం.

నట్టు కిందున్న వాషరు అంచుకు గోరు ఆనించి తోసింది. వాషరు గిర్రున తిరిగింది.

"పానా టక్కుమంది కదొదినా!"

"అది అట్టాగే అంటది. ఈ బిళ్ల బొంగరంలా తిరుగుతుంటే ఆ నట్టు దేన్ని పట్టుకున్నట్టురా?"

"జనం కేకలేస్తన్నారు."

"ఏసుకోనీ. కేకలేసేవోళ్లు బతికున్నోళ్లే."

నన్ను వెనక్కి తిరిగేలా పెట్టి ఆ నట్టు విప్పింది. ఇనుప పొట్టు జలజలా ఆమె అరచేతిలో రాలింది. సత్తిబాబు ఆ పొట్టు చూసి బోగీ పీట మీద కూర్చుండిపోయాడు. ఆమె కొత్త బోల్టు దూర్చి, కొత్త నట్టును వేళ్లతో మూడు చుట్లు ఎక్కించింది. చిన్న చిన్న నొక్కులతో నన్ను నడిపి, వాషరు ఆనగానే ఆపింది. పానా టక్కుమంది. గోరుతో తోస్తే వాషరు కదల్లేదు. ఆ తర్వాత చక్రంలోని ప్రతి వాషరునూ ముట్టుకుని చూసింది.

నిమిషానికి మూడు వేల దెబ్బల బలం నాది. కొలత తప్పని పేరు పానాది. మా ఇద్దరికీ చేతకానిదాన్ని, కూరల పసుపు ఇంకి అంచు విరిగిన ఒక గోరు చేసింది. అంత చిన్న గోరులో అంత చూపు ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

"దిగు. నాలుగోది బిగించింది నేను, ఎక్కేదీ నేనే" అంది.

"మూడు నావి ఒదినా." అతను దిగలేదు.

"అయితే జరుగు."

నన్ను ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. కింద ఇంజను దగ్గరున్నవాళ్లు లీవరు లాగారు. నేల మెల్లగా వెనక్కి జారింది. తడిసిన పెంకుటిళ్లు, రైలు పట్టాలు, ఎండపొడ పడి మెరిసే కాలువ, దాని అవతల ఆకాశం అంచుదాకా వరిచేలు. ఇంతకాలం స్క్రూ తలలు, నట్లు తప్ప మరేదీ చూడని నాకు లోకం ఇంత ఉంటుందని తెలియదు. నా కింద నాలుగు నట్లు, వాటి మీద రెండు ప్రాణాలు. బోగీ చక్రం పైకొసన ఊగి, నిలిచింది.

నూకరత్నం కిందికి చూడలేదు. ఆమె గుప్పిట సత్తిబాబు చొక్కా అంచు మీద బిగుసుకుని ఉంది.

"చిరుగుద్దొదినా, ఒదులు" అన్నాడతను.

"చిరగనీ" అంది.